పదకొండో కేసులోని బి టీచర్

"బి టీచర్ (యాభై ఏళ్లు దాటిన మహిళ, పద్నాలుగేళ్ల అనుభవం) విద్యార్థిని సి హాజరును సరిగా పట్టించుకోలేదు. కుటుంబ పరిస్థితుల వల్ల, సంస్కృతిలో తేడాల వల్ల సికి చదువు మీద ఆసక్తి తక్కువ. చివరికి ఆమె పరీక్ష రాసే అర్హత కోల్పోయింది. బి టీచర్ చేసిన పొరపాట్లు ఏవి? మీరైతే ఏం చేసేవారు? బృందంలో చర్చించండి."

విదేశీయులకు కొరియన్ నేర్పే టీచర్లకు ఇచ్చే శిక్షణ పుస్తకంలో ఇది పదకొండో కేసు. మొత్తం అరపేజీ. కింద జవాబు రాయడానికి నాలుగు నీలం గీతలు. మొన్న ఫిబ్రవరిలో మా రాష్ట్రంలోని అరవైమంది టీచర్లం దీన్ని చదివి, బి టీచర్‌ని చీల్చి చెండాడి, ఆ గీతలు నింపి భోజనానికి లేచాం. నేనూ నింపాను. అందరికంటే బాగా నింపానని మెచ్చుకున్నారు కూడా. అందుకే ఆ బి టీచర్ ఎవరో నేనే చెప్పాలి. ఆ అరపేజీలో వయసూ అనుభవమూ తప్ప నిజం లేదు.

ఆమె పేరు ప్యో గుమ్‌సున్. మాది సముద్రపు నాచును పలచటి కాగితాల్లా ఆరబెట్టి, గిమ్ చేసి అమ్ముకుని బతికే ఊరు. నలభయ్యో ఏడు వచ్చేదాకా గుమ్‌సున్ అక్క ఆ గిమ్ ఫ్యాక్టరీలోనే పని చేసింది. ఆమె పక్కన నిలబడి గిమ్ మడిచే వియత్నాం కోడళ్లు, కంబోడియా కోడళ్లు మేస్త్రీ తిట్లు అర్థంకాక బిక్కచచ్చిపోతుంటే, ముందు వాళ్లకి తిట్లు నేర్పింది. "ఏమని తిడుతున్నాడో తెలిస్తే సగం భయం పోతుందే పిల్లా" అనేది. అలా తిట్లతో మొదలుపెట్టి, తర్వాత దూరవిద్యలో డిగ్రీ చదివి, టీచర్ సర్టిఫికేట్ తెచ్చుకుని, విదేశీ కోడళ్ల కోసం ఊళ్లో పెట్టిన సహాయ కేంద్రంలో చేరింది.

ఆమె పాఠం చెబుతుంటే రెండు గదుల అవతల ఉన్న నాకు నా పాఠం వినబడేది కాదు. అంత గొంతు. పుస్తకం తెరిచేది తక్కువ. మందుల పొట్లం, బస్సు వేళల కాగితం, స్కూలు నుంచి వచ్చిన నోటీసు, కరెంటు బిల్లు, ఎవరి సంచిలో ఏది దొరికితే అదే ఆ రోజు పాఠం. తప్పు చదివితే "నీ మొహం, మాత్ర మూడుసార్లు వేసుకోమంటే మూడు ఒకేసారి మింగుతావా?" అని అరిచేది. అరిచిన నోటితోనే సంచిలోంచి కాల్చిన చిలగడదుంప తీసి సగం విరిచి పెట్టేది. వాళ్లు ఆమెను చూసి భయపడగా నేను చూడలేదు.

అంత నోరున్న మనిషికి ఒక్కరి ముందు నోరు పెగిలేది కాదు. ఆయన మా డైరెక్టర్ బాన్. మా కాంట్రాక్టులు ఏడాదికే. ప్రతి ఫిబ్రవరి నెలాఖరుకి అవి ముగుస్తాయి, మళ్లీ సంతకం పెట్టాలా వద్దా అన్నది ఆయన చేతిలో ఉంటుంది. పద్నాలుగు ఫిబ్రవరులు ఆయన కలం వంక చూస్తూ గడిపిన మనిషి ఆమె. నేను ఐదు గడిపాను. అందులో ఉండే రుచి నాకూ తెలుసు.

ఇక సి. ఆమె పేరు చంథూ. కంబోడియా నుంచి వచ్చి ఎనిమిదేళ్లయింది. ఒక కూతురు, పడవ మీద కంటే మంచం మీద ఎక్కువ రోజులు గడిపే మొగుడు, కోటకి కాపలా కాసినట్టు ఇల్లు కాసే అత్తగారు. వీసా పొడిగించాల్సి వచ్చినప్పుడల్లా మొగుడు పక్కన ఉండి సంతకం పెట్టాలి. ఆ సంతకాన్ని అత్తగారు కోడలి మెడకి తాడులా వాడేది. కూర ఉప్పనైతే "నా కొడుకు సంతకం పెట్టకపోతే రేపు విమానం ఎక్కుతావే" అనేది. కూతుర్ని బడిలో దింపి ఆలస్యంగా వచ్చినా అదే మాట. చంథూకి కావలసింది ఒక్కటే. నాలుగో మెట్టు కొరియన్ పరీక్ష పాసైతే తన పేరు మీద తనే పౌరసత్వానికి అర్జీ పెట్టుకోవచ్చు. ఆ తర్వాత ఎవరి సంతకమూ అక్కర్లేదు. కూతుర్ని వదిలి వెళ్లాల్సి వస్తుందేమోనన్న భయమూ అక్కర్లేదు.

పరీక్షకు ఒక షరతు ఉంది. యాభై తరగతుల్లో పది కంటే ఎక్కువ ఎగ్గొడితే హాల్లోకి రానివ్వరు.

ఇప్పుడు బాన్ డైరెక్టర్ సంగతి చెప్పాలి. చెబుతుంటేనే ఒళ్లు మండుతోంది. ఆయనకి ఫోటోల పిచ్చి. వసంతంలో చెట్లు నాటిన ఫోటో, ముసలివాళ్లకి భోజనం పెట్టిన ఫోటో, నవంబర్లో చలికాలానికి క్యాబేజీతో కిమ్చి పచ్చడి పెట్టే కిమ్‌జాంగ్ ఫోటో. ప్రతి ఫోటోలో ఎర్ర ఏప్రాన్లు కట్టుకున్న విదేశీ కోడళ్లు వరసగా నిలబడి నవ్వాలి. జిల్లా అధికారి మధ్యలో నిలబడి, ఆకు పట్టుకోవడం రాని చేత్తో ఒక క్యాబేజీ పట్టుకోవాలి. ఈ కోడళ్లని ఎక్కడి నుంచి తెస్తారు? తరగతి గదుల్లోంచి. తలుపు తట్టడం, జాబితా చదవడం, తీసుకుపోవడం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మా పాఠాల గంటలు తీసి ఆయన సేవ చేసేవాడు.

చంథూ పేరు ప్రతి జాబితాలోనూ మొదట ఉండేది. ఎందుకంటే ఆమె నవ్వు ఫోటోలో బాగుంటుందట.

నిరుడు ఆమెను ఏడుసార్లు తీసుకెళ్లారు. ప్రతిసారీ "ప్రస్తుతానికి గైర్హాజరు వేసేయండి టీచర్ గారూ, తర్వాత కాగితం పెట్టి సర్దుదాం" అని డైరెక్టర్ అనడం, గుమ్‌సున్ అక్క తలాడించడం. కూతురికి జ్వరాలొచ్చి చంథూ పోగొట్టుకున్నవి నాలుగు. ఏడూ నాలుగూ పదకొండు. ఒక్కటి ఎక్కువైంది. సర్దే కాగితం రానే లేదు. చంథూ పరీక్ష హాలు గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఆ సాయంత్రం అత్తగారు ఇరుగుపొరుగుని పిలిచి మరీ "ఎనిమిదేళ్లు చదివి గుమ్మం దాటలేకపోయింది మా మహారాణి" అని చెప్పుకుందట.

ప్రతి డిసెంబర్లో మేమంతా 'విఫల పాఠం పత్రం' అని ఒకటి నింపాలి. ఏడాది మొత్తంలో ఏ పాఠంలో ఓడిపోయామో నిజాయితీగా రాస్తే, శిక్షణ సంస్థ వాటిని కేసులుగా మార్చి పుస్తకం వేస్తుంది. ఒకరి తప్పు చూసి అరవైమంది నేర్చుకుంటారని. ఆలోచన బంగారంలాంటిది, కాదనను. కానీ ఆ పత్రం ముందు వెళ్లేది డైరెక్టర్ బల్ల మీదికి. రెండు నెలలకి మన కాంట్రాక్టు మీద సంతకం పెట్టే మనిషి చేతికి మన చేతగానితనం రాసిచ్చే పిచ్చివాళ్లు ఎవరుంటారు? అందుకని అందరం దొంగ వైఫల్యాలు రాసేవాళ్లం. ఒకావిడ వైఫల్యం: విద్యార్థినుల్ని మరీ ఎక్కువగా ప్రేమించడం. నాది: బొమ్మల కార్డులు చిన్నవిగా కత్తిరించడం, తర్వాత పెద్దవిగా కత్తిరించగా అద్భుత ఫలితం రావడం. పుస్తకంలో వేశారు కూడా. మూడో కేసు అదే.

ఆ డిసెంబర్లో గుమ్‌సున్ అక్క నిజం రాసింది. మూడు పేజీలు. ఏ తేదీన ఎవరిని ఏ ఫోటో కోసం తీసుకెళ్లారో, డైరెక్టర్ ఏమన్నాడో, తను ఎందుకు నోరు మూసుకుందో. చివర "నేను ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అందుకే ఈ అమ్మాయి ఓడిపోయింది" అని రాసిందట. డైరెక్టర్ దాన్ని 'సరిచూసి' పంపాడు. సంస్థ 'క్లుప్తం' చేసింది. మాకు శిక్షణ ఇచ్చే ఛన్ ప్రొఫెసర్ గారు 'శిక్షణకు అనువుగా' మార్చారు. తిలాపాపం తలా పిడికెడు. మూడు పేజీలు అరపేజీ అయ్యేసరికి డైరెక్టర్ మాయమయ్యాడు, ఫోటోలు మాయమయ్యాయి, కిమ్చి మాయమైంది. మిగిలింది చేతగాని బి, బద్ధకపు సి.

ఫిబ్రవరి శిక్షణలో ఆరుగురేసి ఒక బల్ల. నేనూ అక్కా ఒకే బల్ల. ఆ కేసు చదివి నేను గుర్తుపట్టలేదా అని మీరడగొచ్చు. గుర్తుపట్టలేదు. కూతురు నిద్రపోతే వంటింట్లో నేల మీద కూర్చుని మాటలు కాపీ రాసుకునే చంథూని, 'చదువు మీద ఆసక్తి తక్కువ' అన్న మాటలో ఎవరు గుర్తుపడతారు?

మా బల్ల తరఫున మాట్లాడింది నేనే. లేచి నిలబడి, నాలుగు పాయింట్లు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాను. ఊరుకుని కూర్చోవచ్చుగా? చివర్లో చప్పట్ల కోసం ఒక మాట విసిరాను.

"పద్నాలుగేళ్లు వంట చేసినా ఉప్పు చూసుకోవడం రాని ఇల్లాలిలా ఉందండీ ఈ బి టీచర్!"

హాలంతా నవ్వింది. ఛన్ ప్రొఫెసర్ కూడా నవ్వాడు. "ఓక్ హేరాన్ టీచర్ గారి విశ్లేషణ చాలా పదునుగా ఉంది" అన్నాడు. అప్పుడు నా పక్క కుర్చీ కిర్రుమంది. గుమ్‌సున్ అక్క లేచింది.

"నేనే అండీ ఆ ఇల్లాలిని."

నవ్వులు ఒకటొకటిగా ఆగిపోయాయి.

"నేను మూడు పేజీలు రాసిచ్చాను. మీరు అరపేజీ వేశారు. తీసేసిన రెండున్నర పేజీల్లో ఏముందో వీళ్లకి చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

ప్రొఫెసర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "టీచర్ గారూ, కేసు అంటే ఫలానా మనుషుల గురించి కాదు కదండీ. ఒక సమస్యను విడదీసి..."

"విడదీశారు. ఆ పిల్లని ఎవరు పట్టుకెళ్లారో అది మాత్రం విడిచిపెట్టి, మిగతాదంతా విడదీశారు."

"భోజనం చల్లారిపోతోంది, మనం మధ్యాహ్నం..."

అరవైమందిమి కుర్చీలు వెనక్కి జరిపి లేచాం. మాంసం పులుసు వేడిగా ఉంది. అక్క ఒక మూల కూర్చుంది. ఆమె బల్ల దగ్గర ఐదు కుర్చీలు ఖాళీ. అందులో ఒకటి నాది. నేను తేలు కుట్టిన దొంగలా ఇంకో బల్ల దగ్గర కూర్చుని తిన్నాను. ఆ పులుసు రుచి కూడా నాకు గుర్తుంది, చాలా బాగుంది.

తిరుగు బస్సులో మాత్రం పక్కన కూర్చోక తప్పలేదు. ఆమె సంచిలోంచి చిలగడదుంప తీసి విరిచింది.

"తిను."

"అక్కా, నాకు నిజంగా తెలీదు. నువ్వే అని..."

"తెలిస్తే అనేదానివి కాదులే. అదేనే నాకు కోపం. తెలియనివాళ్లని ఎన్నైనా అనొచ్చు, వాళ్లకి పేరుండదుగా. బి అంట, సి అంట." దుంప తొక్క కోపంగా ఒలిచింది. "నీ చెంప పగలగొడదామనిపించింది ఒక్క క్షణం. కానీ నువ్వన్నది నిజమే. ఉప్పు చూసుకోలేదు నేను. ఏడుసార్లు నా కళ్లముందు నించి ఆ పిల్లని పట్టుకుపోతుంటే 'వెళ్లిరా అమ్మా' అన్నానే. ఈ నోటితోనే."

"నేనైతే డైరెక్టర్ మొహం మీదే కుదరదని చెప్పేసేదాన్ని అక్కా."

ఆమె నావైపు తిరిగి చూసింది. వెక్కిరింపు లేదు అందులో. ఉంటే బాగుండేది.

"చెబుతావా? సరే. నవంబరు వస్తుందిగా."

నెలాఖరుకి ఆమె కాంట్రాక్టు మీద సంతకం పడలేదు. కారణం కాగితం మీద రాసిచ్చారు: 'హాజరు నిర్వహణలో లోపం. పదకొండో కేసులో స్వయంగా అంగీకరించారు.' వాళ్లే మార్చి రాసిన అబద్ధాన్ని ఆమె నోట్లో పెట్టి, మళ్లీ ఆమె మెడకే చుట్టారు. ఇంతకంటే నీచం నేను చూడలేదు. చూసి ఏం చేశాను? నా కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకుని, థాంక్యూ అని వంగి నమస్కారం పెట్టి వచ్చాను. మార్చి నుంచి ఆమె తరగతి నాకిచ్చారు. చంథూ మళ్లీ మొదటి నుంచి చేరింది.

అక్క తిరిగి గిమ్ ఫ్యాక్టరీకి వెళ్లింది. యాభై నాలుగేళ్ల వయసులో, ఇరవై ఏళ్ల పిల్లల పక్కన. క్లాసు అయ్యాక చంథూ ఆమె దగ్గరికి వెళ్లేది. అక్టోబర్లో ఒకరోజు చంథూ గదిలో మర్చిపోయిన పుస్తకం ఇద్దామని భోజనాల వేళకి అక్కడికి వెళ్లాను. ఇద్దరూ బోర్లించిన ప్లాస్టిక్ పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. చంథూ చేతిలో పదకొండో కేసు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"చదివావుగా. ఎవరీ సి?" అక్క గొంతు మళ్లీ ఆ పాత గొంతే.

"ఎవరో సోమరిపోతు."

"నువ్వే."

చంథూ కాగితం మళ్లీ చదివింది. పెదాలు కదిలిస్తూ, ఒక్కొక్క మాటా. చెవులు ఎర్రబడ్డాయి. "ఆసక్తి తక్కువ? నాకా? ఎవడు రాశాడిది?"

"ఎవడు రాస్తే ఏం? కింద ప్రశ్నలు చూడు. బి చేసిన తప్పేంటి, మీరైతే ఏం చేసేవారు. అరవైమంది పంతుళ్లు కూర్చుని బి ఏం చెయ్యాలో మాట్లాడారు. సి ఏం చెయ్యాలని ఒక్కరైనా అడిగారా? నేనడుగుతున్నా. నువ్వు రాయి."

"టీచర్లకిచ్చిన కాగితం కదా?"

"అందుకే పాడైంది. రాయవే."

చంథూ ఆ నాలుగు నీలం గీతల మధ్య వంగి రాయడం మొదలుపెట్టింది. నేను పుస్తకాన్ని గుమ్మం పక్కనున్న పెట్టె మీద ఉంచి వెనక్కి వచ్చేశాను. ఏం రాసిందో చూడలేదు.

నవంబరు వచ్చింది. అప్పటికి చంథూ గైర్హాజర్లు సరిగ్గా పది. ఏడు ఇంట్లో ఇబ్బందుల వల్ల పోయినవి, మూడు నేనే పంపినవి. చెట్లు నాటడానికి ఒకటి, ముసలివాళ్ల భోజనానికి ఒకటి, దేనికో గుర్తులేదు ఒకటి. చిన్నవే కదా అనుకున్నాను. పెద్దది వచ్చినప్పుడు చెబుదాం అనుకున్నాను.

పెద్దది వచ్చింది. తలుపు తట్టి బాన్ డైరెక్టర్ లోపలికి వచ్చాడు, చేతిలో ఎర్ర ఏప్రాన్ల కట్ట.

"కిమ్‌జాంగ్‌కి జిల్లా అధికారులొచ్చేశారు టీచర్ గారూ. ఎనిమిదిమంది కావాలి. చంథూ ముందు రా అమ్మా, నీ నవ్వు లేకపోతే ఫోటో వెలవెలబోతుంది."

ఎనిమిది నెలలుగా అద్దం ముందు నేర్చుకున్న మాట నాకుంది. నోరు తెరిచాను.

"డైరెక్టర్ గారూ, చంథూకి..."

"ఆఁ? ఏంటి?" ఆయన నవ్వుతూనే నావైపు తిరిగాడు. జేబులో కలం కనబడింది.

"...ఏప్రాన్ చిన్నదవుతుందేమోనండీ. లోపల ఇంకో రెండు పెద్దవున్నాయి."

నా చెవులతో నేనే విన్నాను ఆ మాట. విని, లోపలికెళ్లి ఆ రెండూ తెచ్చాను. తెచ్చి ఒక్కొక్కరి వెనకా నిలబడి ముడులు వెయ్యడం మొదలుపెట్టాను. ఏడుగురికి వేశాను. ఎనిమిదో ఏప్రాన్ పట్టుకుని చంథూ దగ్గరికి వస్తే, ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"నేను రాను."

ఆమె నావైపు చూడలేదు, నేరుగా ఆయనతోనే మాట్లాడింది. ఒక్క మాట తడబడలేదు.

"ఇది నా క్లాసు టైము. ఇంకొక్క రోజు పోతే నాకు పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే మళ్లీ మా అత్త కాళ్లు పట్టుకోవాలి. కిమ్చి మా ఇంట్లో నిన్ననే పెట్టాను, వంద క్యాబేజీలు, ఎవరూ ఫోటో తియ్యలేదు. మీకు నవ్వేవాళ్లు కావాలంటే టీచర్ని తీసుకెళ్లండి. ఆవిడ బాగా నవ్వుతారు."

డైరెక్టర్ మొహం మాడిపోయింది. "ఏం టీచర్ గారూ? ఈవిడకి పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పలేదా మీరు?"

"నేర్పిన టీచర్ని మీరు తీసేశారుగా" అంది చంథూ.

ఆయన ఏడుగురినీ తీసుకుని బయటికి నడిచాడు. గుమ్మంలో ఆగి, అలవాటుగా, "ప్రస్తుతానికి గైర్హాజరు వేసేయండి, తర్వాత సర్దుదాం" అన్నాడు.

హాజరు పట్టీ తెరిచాను. ఏడు పేర్లకి ఎదురుగా 'కేంద్రం వారు తరగతిలోంచి ఫోటోల కోసం తీసుకెళ్లారు' అని రాశాను. ఏడుసార్లూ పూర్తిగా రాసి, కింద నా సంతకం పెట్టాను. ఆ ధైర్యం నాది కాదు, నా ఎదుట కూర్చున్న మనిషి దగ్గర తీసుకున్నది. ఆమె ఏమీ పట్టనట్టు పుస్తకం తెరిచింది.

"ఎన్నో పేజీ టీచర్?"

చంథూ ఈ నెల పరీక్ష రాసి వచ్చింది. ఫలితం ఇంకా రాలేదు. ఈ డిసెంబరు విఫల పాఠం పత్రం మాత్రం నా బల్ల మీద ఉంది. ఫిబ్రవరిలో సంతకం పెట్టే ఆ కలం కూడా తన చోటనే ఉంది, నేను మర్చిపోలేదు. ఈసారి బొమ్మల కార్డుల గురించి రాయడం లేదు. 'వైఫల్యానికి కారణం' అన్న గడి చాలదు కాబట్టి ఇదంతా వేరే కాగితాల మీద రాసి జత చేస్తున్నాను. డైరెక్టర్ సరిచూసే లోపల అరవైమంది టీచర్లకీ తలో ప్రతి నేరుగా పోస్టు చేస్తున్నాను. బి, సి అన్న అక్షరాలొద్దు, పేర్లే ఉంచండి. నిరుటి టీచర్ ప్యో గుమ్‌సున్. విద్యార్థిని చంథూ. ఈ ఏడాది టీచర్ ఓక్ హేరాన్.

'మీరైతే ఏం చేసేవారు?' అని కింద అడుగుతారు కదా. నేనేం చేశానో రాశాను. ఏడు ఏప్రాన్లకి ముడులు వేశాను.